ఆఫీసు బిల్డింగుల్లో కరెంటు, నీళ్ల ఆదా: మీ దగ్గర నిజంగా ఏది పనిచేసింది?

గచ్చిబౌలి ఫెసిలిటీ
మాది అద్దెకిచ్చే టవర్. గ్రీన్ రేటింగ్ రెన్యూవల్ దగ్గర పడుతోంది, "ఏదో ఒకటి చేసి చూపించండి" అని ఓనర్ల ఒత్తిడి. వాళ్ల మనసు సోలార్ మీదే ఉంది. బడ్జెట్ మాత్రం అంతంత మాత్రం. చేసి చూసి, బిల్లులో తేడా కళ్లారా చూసినవాళ్లు చెప్పండి. వెండర్ల ప్రెజెంటేషన్లు నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

ప్లాంట్ రూమ్
సార్, సోలార్ లెక్క ముందే వేసుకోండి. కిలోవాట్‌కు నీడ పడని చోటు దాదాపు 100 చదరపు అడుగులు కావాలి. రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. టవర్ టెర్రస్ మీద ఏసీ ప్లాంటు వేడిని వదిలే కూలింగ్ టవర్లు, జనరేటర్ పొగ గొట్టాలు, లిఫ్ట్ రూములు, నీళ్ల ట్యాంకులు పోగా మిగిలేదెంత? మా దగ్గర పెట్టిన ప్యానెళ్లు కామన్ ఏరియా లైట్లకే సరిపోవు. పెట్టొద్దని అనను. మొదటి రూపాయి మాత్రం అక్కడ పెట్టకండి, ఏసీ ప్లాంటు దగ్గర మొదలుపెట్టండి.

పైసా ఖర్చు లేని పని ఒకటి చెప్తాను. ప్రతి ఫ్లోర్‌లో ఏహెచ్‌యూ (ఫ్లోర్‌కి చల్లగాలి పంపే ఫ్యాన్ యూనిట్) రూముకి వెళ్లి వీఎఫ్‌డీ (ఫ్యాన్ వేగాన్ని తగ్గించి పెంచే పరికరం) డిస్‌ప్లే చూడండి. ఫ్యాన్ వేగం 80 శాతానికి తగ్గితే అది లాగే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. వీఎఫ్‌డీ పెట్టేది అందుకే. కానీ చాలా చోట్ల అది మాన్యువల్‌లో, 50 హెర్ట్జ్ దగ్గర, అంటే ఫుల్ స్పీడులో, కూర్చుని ఉంటుంది. ఎప్పుడో ఎవరో ఉక్కపోస్తోందని కంప్లైంట్ ఇస్తే షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు ఫుల్‌లో పెట్టాడు. ఆ తర్వాత దాన్ని ఆటోలోకి మార్చిన నాథుడు లేడు.

రెండోది చిల్డ్ వాటర్, అంటే చిల్లర్ మెషీన్ చల్లబరిచి ఏహెచ్‌యూలకు పంపే నీళ్లు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హైదరాబాద్‌లో 7 డిగ్రీల నీళ్లు ఎందుకండీ? 9కి పెంచి చూడండి. ఒక్కో డిగ్రీకి చిల్లర్ కరెంటు 2, 3 శాతం తగ్గుతుంది.

వైజాగ్ మెయింటెనెన్స్
అన్నా, ఆ 9 డిగ్రీల సలహా మీ పొడిగాలి ఊరికే చెల్లుతుంది. మా దగ్గర చలికాలంలో కొన్ని రోజులు తప్ప కుదరదు. నీళ్ల చల్లదనం తగ్గిస్తే గాలిలో తేమ దిగదు. టెంపరేచర్ 24 అనే చూపిస్తుంది, మనుషులకు మాత్రం జిగటగా ఉంటుంది. కార్పెట్లు ముక్కిపోయిన వాసన వస్తే ఇక టెనెంట్ మెయిళ్లకు అంతుండదు. సముద్రం పక్కన ఉన్నవాళ్లు ముందు తేమ రీడింగ్ చూసి, ఆ తర్వాతే సెట్ పాయింట్ మీద చెయ్యి వేయండి. చిల్లర్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ట్యూబుల క్లీనింగ్ మాత్రం ఏ ఊర్లోనైనా లాభమే.

మాదాపూర్ అడ్మిన్
అద్దెకున్నవాళ్ల మాట కూడా కాస్త వినండి. మా పాత బిల్డింగ్‌లో ఏసీ ఖర్చంతా చదరపు అడుగుల లెక్కన క్యామ్ చార్జీల్లో (ఉమ్మడి నిర్వహణ ఖర్చుల్లో) కలిపేసేవారు. శనివారం ఫ్లోర్ ఖాళీగా ఉందని ఏసీ ఆపించినా మాకు రూపాయి తగ్గదు. ఓనర్‌కేమో ఎంత కాలినా మా దగ్గరే వసూలవుతుంది. ఇక ఆపాలని ఎవరికుంటుంది? ఇప్పుడున్న చోట బీటీయూ మీటర్లు (వాడిన చల్లదనాన్ని కొలిచేవి) పెట్టాలని అగ్రిమెంటులోనే రాయించాం. ఎంత చల్లదనం వాడితే అంతే బిల్లు. మీటర్ పడ్డాక మా మేనేజ్‌మెంటే అడగడం మొదలుపెట్టింది: వర్క్ ఫ్రమ్ హోమ్ ఎక్కువగా ఉండే శుక్రవారం అందరినీ ఒకే ఫ్లోర్‌లో కూర్చోబెట్టలేమా అని. ఏళ్ల తరబడి పోస్టర్లు అంటిస్తే రాని ఆలోచన ఇది!

ఇంకో మాట. 24 డిగ్రీలు పెట్టుకోమని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2018లోనే సలహా ఇచ్చింది. అయినా మా అమ్మాయిలు మే నెలలో కూడా కుర్చీకి శాలువా తగిలించుకునే పనిచేస్తారు.

గ్లాస్ బాక్స్
అసలు తప్పు అద్దాల డబ్బా కట్టడంలో ఉంది. మన హైటెక్ సిటీ పక్కనే సీఐఐ సొహరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2003లో లీడ్ ప్లాటినం (అమెరికా వాళ్ల గ్రీన్ బిల్డింగ్ రేటింగ్‌లో పై మెట్టు) వచ్చింది, అమెరికా బయట ఆ రేటింగ్ వచ్చిన మొదటి బిల్డింగ్ అదే. 2004లో కలాం గారు ప్రారంభించారు. జాలీ గోడలు, బిల్డింగ్ మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి, గాలిని ముందే చల్లబరిచే విండ్ టవర్లు. ఇరవై ఏళ్లు దాటింది, దాని చుట్టూ కట్టినవన్నీ గాజు టవర్లే.

ప్లాంట్ రూమ్
బ్రదర్, అది సుమారు 20 వేల చదరపు అడుగుల బిల్డింగ్. మా ఒక్క ఫ్లోరే అంతకంటే పెద్దది. పోలిక కావాలంటే పోచారంలో ఇన్ఫోసిస్ కట్టింది చూడండి. ఒకే బిల్డింగ్‌ని రెండు సగాలు చేసి, ఒక వైపు మామూలు ఏసీ, రెండో వైపు స్లాబులో పైపులేసి చల్లటి నీళ్లు తిప్పే రేడియంట్ కూలింగ్ పెట్టారు. రెండో సగానికి కరెంటు సుమారు మూడో వంతు తక్కువ పట్టింది. అయితే ఇది కొత్తగా కట్టేవాళ్లకు పనికొచ్చే మాట. పోసేసిన స్లాబులో ఇప్పుడు పైపులు వేయలేం కదా.

ఎస్టీపీ బాధితుడు
నీళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం? 2024 వేసవిలో ట్యాంకర్ కోసం పడిన టెన్షన్ అప్పుడే మరిచిపోయారా?

ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటులో) శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌కీ, కూలింగ్ టవర్‌కీ వాడితే ట్యాంకర్లు బాగా తగ్గుతాయి. కానీ ఆఫీసు మురుగు ఇళ్ల మురుగులాంటిది కాదు. స్నానాలు, బట్టల ఉతుకుడు ఉండవు. ఎక్కువ భాగం మూత్రమే, అందుకే అమ్మోనియా ఎక్కువ, మురుగును శుద్ధి చేసే బ్యాక్టీరియాకు తిండి తక్కువ. పైగా శని, ఆదివారాలు లోడే రాదు. సోమవారం పొద్దున బేస్‌మెంట్ కంపు కొట్టేది అందుకే. మా ఆపరేటర్ శుక్రవారం సాయంత్రం బెల్లం నీళ్లు పోస్తాడు. నవ్వకండి, పనిచేస్తుంది. క్యాంటీన్ నీళ్లను గ్రీజ్ ట్రాప్ (జిడ్డు ఆపే తొట్టి) దాటించి ఎస్టీపీకి కలిపాక ఇంకా నయం.

రంగు కూడా చూసుకోవాలి. కమోడ్‌లో నీళ్లు పసుపుగా కనిపిస్తే జనం రెండుసార్లు ఫ్లష్ చేస్తారు, ఆదా చేసిందంతా అక్కడే పోతుంది. కాబట్టి కార్బన్ ఫిల్టర్ బ్యాక్‌వాష్ (నీళ్లు వెనక్కి తిప్పి కడగడం) ఎగ్గొట్టొద్దు. కూలింగ్ టవర్‌కి పంపేముందు మాత్రం కాఠిన్యం, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) తప్పకుండా చూడాలి. లేకపోతే కండెన్సర్‌లో పొలుసు కట్టి, నీళ్లలో మిగిల్చింది కరెంటులో కట్టాల్సి వస్తుంది.

హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్
చెత్త గురించి ఒక్క ముక్క. ప్యాంట్రీల్లో మూడు రంగుల డబ్బాలు ఉంటాయి. సర్వీస్ లిఫ్టులో ట్రాలీ ఒక్కటే. మిగతాది మీకే అర్థమవుతుంది. మా దగ్గర తడి చెత్తకు వేరే ట్రాలీ, వేరే టైమ్ పెట్టాకే దారికొచ్చింది.

గచ్చిబౌలి ఫెసిలిటీ
అందరికీ థ్యాంక్స్. ప్లాంట్ రూమ్ గారు చెప్పినట్టు ఫ్లోర్లన్నీ తిరిగి చూశాను. సగానికి పైగా 50 దగ్గరే ఉన్నాయి! ఆటోలో పెడితే చాలావాటి స్పీడు దానంతట అదే తగ్గింది. రెండు ఫ్లోర్లలో మాత్రం ఆటోలో కూడా ఫుల్ స్పీడే, డక్ట్ ప్రెషర్ సెన్సర్ (గాలి గొట్టంలో ఒత్తిడి కొలిచేది) సున్నా చూపిస్తోంది, అందుకే గాలి చాలట్లేదని ఫ్యాన్ ఫుల్‌లో తిరుగుతోంది. కొత్తది కొనాలంటే ఆ ఖర్చు క్యామ్‌లో వేయాలా, ఓనర్ పెట్టుకోవాలా అని అప్పుడే మెయిళ్లు మొదలయ్యాయి.

ప్లాంట్ రూమ్
కొనకండి సార్, ఆగండి. సెన్సర్ నుంచి డక్ట్‌లోకి సన్నటి ట్యూబు ఒకటి వెళ్తుంది. ఫాల్స్ సీలింగ్ పని చేసినవాళ్లు దాన్ని లాగేసి ఉంటారు. నిచ్చెన వేసి ముందు అది చూసి చెప్పండి.