ఉపగ్రహాల మెరుపులు పిల్లలకు చూపించాలా, వద్దా?

భీమిలి_గాలి:
వచ్చే శనివారం సాయంత్రం మా కాలనీ పిల్లలకు భీమిలి తీరంలో ఆకాశం చూపిద్దామనుకుంటున్నాం. చుక్కలతో పాటు అంతరిక్ష కేంద్రం, ఇతర ఉపగ్రహాలు కూడా చూపిద్దామంటే మాలో ఒకాయన అడ్డుపడ్డారు. "ఆకాశాన్ని పాడుచేస్తున్న వాటికి మనమే పిల్లల చేత చప్పట్లు కొట్టించాలా?" అన్నారు. మీరేమంటారు?

లంబసింగి_కెమెరా:
ఆయన మాటే నా మాటండీ. చలిలో కొండెక్కి పాలపుంత ఫొటో తీస్తే ఫ్రేము మీద అడ్డంగా ఉపగ్రహాలు గీసిన తెల్లటి గీతలు. 2019 మేలో ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ మొదటి విడత 60 ఉపగ్రహాలు వెళ్లాయి, ఇప్పుడవి వేలల్లో ఉన్నాయి. నా గీతలంటే సాఫ్ట్‌వేర్‌తో చెరిపేస్తాను. చిలీలో పెద్ద టెలిస్కోపుతో ఆకాశమంతా ఫొటోలు తీసే రూబిన్ అబ్జర్వేటరీ ఈ గీతల వల్ల పోగొట్టుకునే డేటాను ఎవరు తెచ్చిస్తారు? ఇందులో మన చేయి కూడా ఉంది. 2022 అక్టోబరులో, 2023 మార్చిలో 36 చొప్పున వన్‌వెబ్ అనే మరో ఇంటర్నెట్ కంపెనీ ఉపగ్రహాలు శ్రీహరికోట నుంచే ఎగిరాయి. అవి 1,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. మసకగానే ఉంటాయి గానీ, అంత ఎత్తు కాబట్టి రాత్రి చాలాసేపటి వరకు వాటి మీద ఎండ పడుతూనే ఉంటుంది.

డాబాగార్డెన్స్_మేడ:
అన్నా, మీ బాధ నిజమే. చూపించొద్దనడం దగ్గరే నాకు పేచీ. వైజాగ్‌లో పిల్లలకు పాలపుంతను దూరం చేసింది ఉపగ్రహం కాదు, వీధి దీపం. బీచ్ రోడ్డు మీద తలెత్తితే పట్టుమని పాతిక చుక్కలు కనిపించవు. అంత వెలుగులోనూ కళ్లకు కట్టినట్టు కనిపించే వాటిలో అంతరిక్ష కేంద్రం ఒకటి. అదీ వద్దంటే వాళ్లు తలెత్తేది దేనికోసం?

అసలు దాన్ని గమనిస్తే ఎంత పాఠం ఉందో చూడండి. సాయంత్రం పూట అది పడమర కొండల వైపు నుంచి పైకి వస్తుంది. విమానంలా ఎర్ర దీపం మిణుకుమనదు, చప్పుడు ఉండదు. నడినెత్తి మీదికి వచ్చేసరికి శుక్రుడితో పోటీ పడుతుంది. ఆ తర్వాత సముద్రం మీదికి దిగుతూ, సగం దారిలోనే కాస్త ఎర్రబడి, చూస్తుండగానే ఆరిపోతుంది. భూమి నీడలోకి వెళ్లిందన్నమాట. కింద మనకు చీకటి పడినా 400 కిలోమీటర్ల పైన ఇంకా ఎండ ఉందని ఏ బొమ్మా గీయకుండానే పిల్లలకు తెలిసిపోతుంది. ఏదైనా చుక్క కొన్ని సెకన్లకోసారి మెరిసి మాయమవుతుంటే, అది దొర్లుతూ తిరిగే పాత రాకెట్ ముక్క కావచ్చు. అంతరిక్ష చెత్త గురించి చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏది?

నన్ను మేడ ఎక్కించింది ఇరిడియం అనే ఫోన్ ఉపగ్రహాల మెరుపులే. తలుపంత యాంటెన్నా ఎండను అద్దంలా కిందికి కొడితే కొన్ని సెకన్లు శుక్రుణ్ణి మించి వెలిగేది. ఏ క్షణాన, ఏ దిక్కున అన్నది ముందే లెక్కగట్టి చెప్పేవారు. 2017-2019 మధ్య వాటి స్థానంలో కొత్త ఉపగ్రహాలు రావడంతో ఆ మెరుపులు దాదాపు పోయాయి. శని వలయాలు నేను చూసింది వాటి తర్వాతే. గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంత వేధశాల పెట్టుకున్న ఊరు మనది. ఇక్కడి పిల్లలకు ఆకాశంలో ఏది ఉంటే అది చూపించాలి.

మధురవాడ_అమ్మ:
స్టార్‌లింక్ ఉపగ్రహాలు రైలు పెట్టెల్లా వరుసగా వెళ్తుంటే మా పాప భయపడి ఇంట్లోకి పరిగెత్తింది. వాట్సాప్‌లోనేమో గ్రహాంతరవాసులని ప్రచారం. దయచేసి చూపించి, అదేమిటో చెప్పండి.

లంబసింగి_కెమెరా:
చూపించండి, కానీ సగమే చెప్పి వదిలేయకండి. ఖగోళ శాస్త్రవేత్తలు గొడవ చేశాకే 2020లో స్టార్‌లింక్ ఉపగ్రహాలకు ఎండ తగలకుండా వైజర్లు, అంటే నీడనిచ్చే పలకలు తగిలించి చూశారు. మామూలు కంటికి కనిపించనంత మసకగా, అంటే మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) 7 కంటే తక్కువ వెలుగుతో ఉండాలని అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అడుగుతోంది. అదీ చెప్పండి. గీతలు చెరపని నా ఫొటోలు తెస్తాను. చప్పట్లకు మాత్రం నేను ఒప్పుకోను.

భీమిలి_గాలి:
ఫొటోలు తప్పకుండా తెండి, ముందు అవే చూపిద్దాం. సూర్యాస్తమయం అయిన గంటా రెండు గంటల్లోనే ఉపగ్రహాలు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి అందరూ ఆరింటికే రావాలి. మేం కూర్చునే చోటికి ఎదురుగా ఒక ఫ్లడ్‌లైటు ఉంది. ఆ కాసేపు ఆర్పమని అడగడానికి నాతో ఎవరు వస్తారు?