అప్‌డేట్: ప్రీపెయిడ్ మీటర్‌లో ఈఎల్ లైటు ఎందుకు ఆరట్లేదో తేలింది

హనుమకొండలోని రెండు పోర్షన్ల ఇంట్లో కింది పోర్షన్‌కు ప్రీపెయిడ్ మీటర్ బిగించాక, ఎంసీబీలన్నీ (బోర్డులోని ఆటోమేటిక్ స్విచ్‌లు) దించినా ఎర్ర ఈఎల్ (ఎర్త్ లీకేజీ) లైటు వెలుగుతోందని, బ్యాలెన్స్ కూడా తగ్గుతోందని అడిగాను కదా. మీటర్‌లో లోపం లేదు. రెండు పోర్షన్ల న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) కలిసిపోయింది.

ఈ మీటర్ ఫేజ్‌లో, న్యూట్రల్‌లో వెళ్లే కరెంటును విడివిడిగా కొలుస్తుంది. తేడా వస్తే ఈఎల్ లైటు వెలిగి, ఎక్కువున్న దాన్నే లెక్క కడుతుంది. పై పోర్షన్ ఇన్వర్టర్ లైన్ న్యూట్రల్‌ను ఎవరో కింది న్యూట్రల్ లింక్‌కు (న్యూట్రల్ వైర్లన్నీ కలిపే పట్టీ) బిగించారు. దాంతో పైన ఫ్యాన్లు తిరిగితే కింద బ్యాలెన్స్ కరిగింది.

పట్టుకోవడం తేలికే. కింద ఎంసీబీలు దించి, పై పోర్షన్ మెయిన్ ఆపితే లైటు ఆరిపోయింది. ఖాయం చేసుకోవాలంటే పై మెయిన్ మళ్లీ వేసి, మీటర్ నుంచి వచ్చే ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి క్లాంప్ మీటర్‌లో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పట్టాలి, సున్నా చూపాలి. చూపకపోతే, మీటర్ నుంచి వచ్చేది వదిలేసి, లింక్‌లోని మిగతా న్యూట్రల్ వైర్లకు ఒక్కోదానికే క్లాంప్ పెట్టి చూడాలి. ఎంసీబీలన్నీ దించి ఉన్నా కరెంటు చూపే వైరే దొంగ. మెట్ల లైటు టూవే స్విచ్‌ను కూడా అనుమానించండి, ఫేజ్ పైనుంచి, న్యూట్రల్ కిందినుంచి తీసుకోవడం మామూలే.

పోర్షన్‌కో న్యూట్రల్ లింక్, 30 మిల్లీయాంపియర్ ఆర్‌సీసీబీ (ఫేజ్, న్యూట్రల్ కరెంటులో తేడా వస్తే ఆపేసే స్విచ్) పెట్టించాం. న్యూట్రల్ మళ్లీ కలిస్తే అదే ట్రిప్ అవుతుంది. ఎలక్ట్రీషియన్ పని మీటర్ తర్వాతి వైరింగ్ వరకే, టెర్మినల్ కవర్ సీలు తాకొద్దు.

డిపాజిట్ సంగతి అడిగినవారికి: 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 47(5) ప్రకారం ప్రీపెయిడ్ మీటర్ తీసుకుంటే వాడే కరెంటుకు సెక్యూరిటీ డిపాజిట్ అడగకూడదు.