కుడిచేతి వాటం, ఎడమ కన్ను: పాపకి ఏ రైఫిల్ కొనాలి?

బ్రాడీపేట నాన్న:
మా అమ్మాయి ఏడో తరగతి. గుంటూరులోనే క్లబ్బుకి వెళ్తోంది, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. రాసేదీ తినేదీ కుడిచేత్తోనే. ఎడమ కన్ను బలమైనదని కోచ్ గారంటున్నారు. ఒకాయన ఎడమచేతి రైఫిల్ కొనెయ్యమంటాడు, ఇంకొకాయన ఆ కంటికి అడ్డం పెడితే చాలంటాడు. చిన్న ఖర్చు కాదు కదా, ఎవరికన్నా అనుభవం ఉందా?

పటమట పుర్రచెయ్యి:
ముందు ఇంట్లో చూడండి. చేతులు రెండూ చాపి, అరచేతుల మధ్య రూపాయి బిళ్లంత సందు ఉంచి, రెండు కళ్లూ తెరిచి గోడ గడియారాన్ని చూడమనండి. చేతుల్ని మెల్లగా దగ్గరికి లాక్కుంటే సందు ఏ కంటి మీదికొస్తే అదే. వేరే వేరే రోజుల్లో చేయించండి. కళ్ల డాక్టరుకీ ఓసారి చూపించండి.

నేను పుట్టు పుర్రచేతివాణ్ణి. క్లబ్బులో అన్నీ కుడివే. ఎడమ భుజానికి ఆనిస్తే, అరచెయ్యి నిండడానికి పిడి మీద ఉబ్బెత్తుగా చెక్కింది కాస్తా వేళ్ల కిందికొస్తుంది. బొటనవేలికి చోటుండదు. చెయ్యి బిగుసుకుని ట్రిగ్గర్ నొక్కేసరికి షాట్ పక్కకి పోయేది. పెల్లెట్ పెట్టడానికి తెరిచే లివర్ ఏ పక్కనున్నా సర్దుకోవచ్చు, పిడితో కుదరదు.

గవర్నర్‌పేట పాయింట్ 22:
లివర్ మాట ఎయిర్ రైఫిల్ వరకే. తూటా పేలే పాయింట్ 22 రైఫిల్‌తో ప్రోన్‌లో, అంటే బోర్లా పడుకుని కొట్టేటప్పుడు, చేతికి స్లింగ్ పట్టీ బిగించుకున్నాక, ఎడమ చెయ్యి రైఫిల్ మీదుగా అవతలికి చాపి, తూటా ఎక్కించే బోల్ట్ లాగాలంటే పొజిషన్ మొత్తం చెదురుతుంది. అక్కడ ఎడమ బోల్టే ఉండాలి.

తాడేపల్లి పెల్లెట్:
మీ పాపది మా కేసే. నేను కుడి భుజంతోనే కొడతాను, ఎడమ కంటికి బ్లైండర్, అంటే ఎదురుగా అడ్డం పెట్టే చిన్న పట్టీ. 30 మిల్లీమీటర్ల వెడల్పు దాటకూడదని రూలు. పాలరంగుదే పెట్టండి. నల్లదైతే ఆ కంటికి చీకటై, గురి చూసే కంటి పాప కూడా విచ్చుకుంటుంది. కన్ను మూసి కొట్టడం అసలొద్దు. మ్యాచ్‌లో 60 షాట్లు, 75 నిమిషాలు. మొహం పీకేస్తుంది.

పటమట పుర్రచెయ్యి:
అలవాటు పడిపోయిన మీకు సరే అన్నా. కొత్తగా మొదలెట్టిన పిల్ల భుజం మార్చి చూస్తే పోయేదేముంది?

తాడేపల్లి పెల్లెట్:
చూడమనే చెప్తా. కానీ కన్ను ఎడమదని బలవంతంగా తిప్పొద్దు. ఎటు నిలబడితే ఒళ్లు ఊగకుండా ఉందో అదీ లెక్కే.

బ్రాడీపేట నాన్న:
చేయించాను, ప్రతిసారీ ఎడమే. కోచ్ గారు ఎడమ భుజానికి పెట్టించారు. మొదట వింతగా ఉందంది, ఇప్పుడు కుడికి మార్చమంటే ఒప్పుకోవట్లేదు! రైఫిల్ కొన్నాళ్లు ఆగుతా. జాకెట్ ఏదైనా పర్లేదా?

పటమట పుర్రచెయ్యి:
పర్లేదంటే కుదరదు. కుడివాళ్ల జాకెట్‌కి రైఫిల్ ఆనే రబ్బరు పట్టీ కుడి భుజం మీదే ఉంటుంది. ఎడమదని చెప్పి కుట్టించండి. గ్లవ్ రైఫిల్‌ని కిందనుంచి మోసే చేతికి, అంటే పాపకి కుడిచేతికి. ఊరికే గ్లవ్ అంటే షాపువాడు ఎడమచేతిదే చేతిలో పెడతాడు.

రైఫిల్ కొన్నప్పుడు పిడి, చెంప ఆనేది విడిగా మార్చుకోగల అల్యూమినియం స్టాక్ (భుజానికి ఆనించే రైఫిల్ ఒళ్లు) చూడండి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్‌లకి ఎడమ పిడి దొరుకుతుంది. అచ్చంగా ఎడమకే చెక్కిన చెక్క స్టాక్‌ని మన వైపు తిరిగి అమ్ముదామంటే కొనేవాడుండడు. రూలు 5.5 కిలోల దాకా ఒప్పుకుంటుంది గానీ, ఈ వయసుకి తేలికపాటి జూనియర్ మోడలే నయం.

బ్రాడీపేట నాన్న:
లైసెన్సు?

గవర్నర్‌పేట పాయింట్ 22:
పాయింట్ 177 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు), 20 జూళ్ల శక్తి దాటకపోతే 2016 ఆయుధ నిబంధనల ప్రకారం అక్కర్లేదండీ. బిల్లు మాత్రం రైఫిల్ పెట్టెలోనే పెట్టుకోండి, విజయవాడ స్టేషన్లో ఎవరన్నా ఆపితే చూపించడానికి.