రిసార్టుల్లో తిరిగే ఏటీవీలు అమ్మేవాళ్లకు సర్కారు లైసెన్సు ఉండాలా, వద్దా?

మెతుకుసీమ మోహన్: ఆదివారం వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్లొచ్చాం. ఏ రిసార్టు చూసినా ముందు ఏటీవీలే, అదే గుట్టల్లో, ఇసుకలో తిరిగే నాలుగు చక్రాల బండ్లు. నంబరు ప్లేటు లేదు, కాగితాలు లేవు. బైకులు అమ్మే షోరూముకైతే రవాణా శాఖ ట్రేడ్ సర్టిఫికెట్ ఉండాలి. ఈ లావు టైర్ల బండ్లు అమ్మేవాళ్లను అడిగే దిక్కు లేదు. రాష్ట్రం లైసెన్సు పెట్టాలనేది నా మాట. మీరేమంటారు?

గేరుబాక్స్ గిరి: నేను అమ్మేది ఈ బండ్లే, ముందే చెప్పేస్తున్నా. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 2(28) చూడండి. ఫ్యాక్టరీలోనో, ప్రహరీ ఉన్న ఆవరణలోనో వాడే ప్రత్యేక రకం బండి అసలు ‘మోటారు వాహనం’ కిందికే రాదు. బిల్లు మీద ‘రోడ్డుపై నడపరాదు’ అని ముద్ర కొట్టి మరీ ఇస్తాను. జీఎస్టీ కడుతున్నా. ఇంకేం కావాలి?

నల్లకోటు నాగమణి: గిరి గారూ, ఒక మాట మింగేశారు. అలాంటి చోట ‘మాత్రమే’ వాడేలా చేసిన బండికే ఆ మినహాయింపు. మీ బండి గుట్టెక్కుతుంది, ఇసుకలో తిరుగుతుంది, అవసరమైతే ఊరి రోడ్డు కూడా దాటుతుంది. ముద్ర కొట్టినంత మాత్రాన బండి రకం మారిపోతుందా?

గేరుబాక్స్ గిరి: మేడమ్, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఏమంది? విశాఖ ఉక్కు కర్మాగారం యార్డులో తిరిగే 36 బండ్లకు ఆంధ్రా రవాణా శాఖ పన్ను వసూలు చేస్తే, అది బహిరంగ స్థలం కాదు, పన్ను పడదు అంది. రిసార్టుకూ ప్రహరీ ఉందిగా.

నల్లకోటు నాగమణి: అది పన్ను కేసు, అమ్మకం గురించి కాదు. పైగా ఉక్కు ఫ్యాక్టరీ గేటులో పాసు లేనిదే పురుగును కూడా పోనివ్వరు. రిసార్టులో టికెట్ కొన్న ప్రతివాడికీ స్వాగతమే. రెండూ ఒకటేనా?

పల్లీల పొట్లం: ఆ ప్రహరీ ఎన్నడుగులుండాలో కూడా తేల్చండి, వెళ్లి పడుకుంటాం.

డాలస్ బాబాయ్: మా టెక్సాస్‌లో కొత్త ఏటీవీ అమ్మేవాడికీ, తయారుచేసేవాడికీ రాష్ట్రం లైసెన్సు ఉండాల్సిందే. రోడ్డెక్కని బండికీ టైటిల్, అంటే ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రం, ఉంటుంది. మావాడికి పదకొండేళ్లు, మనిషి పొడుగరి. పెద్ద బండి అడిగితే, పదహారు నిండనివాళ్లకు ఇవ్వనన్నాడు డీలరు. గంటన్నర డ్రైవ్ చేసి ఉత్తచేతులతో తిరిగొచ్చాం. ఆ రోజు నాకెంత మండిందో! అమెరికా అంతటా 2008 చట్టంతో మూడు చక్రాల ఏటీవీలు కొత్తగా అమ్మడమే ఆపేశారు.

పల్లీల పొట్లం: ఇక్కడ హెల్మెట్ ఇస్తేనే చెమట కంపు అంటున్నారు బాబాయ్.

కొడంగల్ కవిత: దసరా సెలవుల్లో మా తమ్ముడి కూతుర్ని, తొమ్మిదేళ్ల పిల్లను, ఒక రిసార్టులో ఈ బండెక్కించాం. బొటనవేలి దగ్గర చిన్న మీట, నొక్కితే పరుగు. పిల్ల బెదిరి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. అలా పట్టుకుంటే బొటనవేలు కూడా నొక్కుకుంటుంది కదా! బండి నేరుగా కందకంలోకి పోయింది, మోచెయ్యి విరిగింది. తమ్ముడు బైకు మెకానిక్కు. అక్కడే వంగి చూశాడు. మీటను సగంలో ఆపే స్క్రూ ఒకటి ఉండాలట. బొక్క ఉంది, స్క్రూ లేదు. ఆస్పత్రి ఖర్చు అడిగితే, ఏమైనా అయితే రిసార్టుకు సంబంధం లేదని మేం సంతకం పెట్టిన కాగితం మా ముఖాన పెట్టారు.

గేరుబాక్స్ గిరి: పాపకు అలా కావడం బాధే. కానీ స్క్రూ తీసింది రిసార్టువాళ్లు. నేనైతే బిగించే ఇస్తాను. అయినా తొమ్మిదేళ్ల పిల్లను ఒక్కదాన్నే ఎక్కించిన పెద్దల్ని ఎవరూ అడగరేం?

కొడంగల్ కవిత: నోరు జాగ్రత్త అన్నా. ‘పిల్లల బండి, ఏం కాదు’ అన్నది మీలాంటివాళ్లే.

అనంతగిరి సీను: నేను ఆరు బండ్లు తిప్పుతాను. గిరన్న సంగతి తెలియదు గానీ, నాకు అమ్మినాయన ఆరు స్క్రూలూ తీసి పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. మెల్లగా పోతే కస్టమర్ రెండో రౌండు కొనడన్నాడు. చాసిస్ నంబరంటే ఒక స్టిక్కరు, మొదటి వానకే ఊడిపోయింది. ఫ్రేము వెల్డింగు విడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలియక ఊళ్లోనే అతికించుకున్నా.

నల్లకోటు నాగమణి: గిరి గారూ, మీరూ పొట్లాలు కట్టారా?

గేరుబాక్స్ గిరి: అడిగితే ఇచ్చాను. వ్యాపారం మేడమ్! అసలు మాట వినండి. ఇది వాహనం అని ఒప్పుకున్న మర్నాడు నా మీద సెక్షన్ 182ఏ పడుతుంది. నిబంధనలకు విరుద్ధంగా అమ్మిన ఒక్కో బండికి లక్ష, లేదా ఏడాది దాకా జైలు, ఒక్కోసారి రెండూ. నిరుడు 40 అమ్మాను. లెక్కేసుకోండి. నాలుగు చేతులు మారిన బండి బోల్తాపడినా ముందు నన్నే లాగుతారు.

నల్లకోటు నాగమణి: ఇంతసేపూ ప్రహరీ చుట్టూ తిప్పింది ఈ 40 లక్షల కోసమా! మరి రెండోవైపు కూడా చూడండి. వాహనం కాదంటే థర్డ్ పార్టీ బీమా లేదు, ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లే దారీ లేదు. కవిత గారు సివిల్ కోర్టో, వినియోగదారుల కమిషనో తిరగాలి. మోహన్ గారూ, బండి ఎలా తయారు కావాలో సెక్షన్ 110 కింద చెప్పేది కేంద్రం. రాష్ట్రం ఒక్కటే లైసెన్సు పెడితే స్టిక్కరు నంబరు సంగతి తేలదు.

మెతుకుసీమ మోహన్: ముందు లైసెన్సు రానీ మేడమ్. కనీసం ఎవరు అమ్మారో తెలుస్తుంది.

గేరుబాక్స్ గిరి: రాసుకోండి, నాకేం. సీనూ, ఆ పొట్లం ఇంకా ఉందా? ఉంటే బిగించు. లేకపోతే షాపుకు రా, నేనిస్తా.

అనంతగిరి సీను: ఉంది అన్నా, డ్రాయర్లోనే. శని, ఆదివారాలు బుకింగులు ఫుల్లు. సోమవారం చూస్తా.