అచ్చు వేసిన ఖద్దరుపై కుట్టుపని చేస్తే అది ప్రింటు కాదా?

అచ్చుబల్ల, విజయనగరం:
లినోలియం పలకపై చెక్కిన కోట బురుజును పొందూరు ఖద్దరుపై పది ప్రతులుగా అచ్చు వేసి, నీడలు పడవలసిన చోట ఎర్రదారంతో కాడకుట్టు, గొలుసుకుట్టు వేయించాను. 1/10 నుండి 10/10 వరకు పెన్సిలుతో అంకెలు వేసి ఒక ప్రదర్శనకు ప్రింట్ల విభాగంలో పంపితే, కుట్టు ఉన్నది కనుక ఇది హస్తకళ అని తిప్పి పంపారు. ఇది న్యాయమేనా?

గీతల మాస్టారు, శ్రీకాకుళం:
హస్తకళ అనడం వారి అవివేకం, దానిపై వాదన అనవసరం. కానీ మీరు వేసిన అంకెలు సరికావు. 1/10 అని చూసినవారు, ఒకే పలక నుండి ఒకే తీరుగా వచ్చిన పది ప్రతులున్నాయని నమ్ముతారు. చేతికుట్టు ఏ రెండు ప్రతులలోనూ ఒకేలా పడదు. అటువంటప్పుడు అంకె పక్కన ‘ఇ.వి.’ (ఎడిషన్ వేరియబుల్) అని చేర్చి, ప్రతులలో తేడాలున్నాయని తెలియజేయడం ప్రింట్లు వేసేవారిలో ఉన్న పద్ధతే.

పొందూరు కోడలు:
కొండపత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేసి, సన్నని నూలు వడికి నేసిన బట్టపై ఇంకు పులమడానికి మీకు చేతులెలా వచ్చాయండీ?

కుట్టుమిషను, పాలకొండ:
అంకెల సంగతి తరువాత, ముందు పని సంగతి చూడాలి. బట్టలోని గంజి పూర్తిగా పోయేలా ఉతికి ఆరబెట్టకపోతే ఇంకు నూలులోనికి దిగదు. నూనె ఇంకు ఆరడానికి రోజులు పడుతుంది, తొందరపడి కుడితే సూదితో పాటు రంగు దారానికి అంటుతుంది. పోనీ ముందే కుట్టి ఆపై అచ్చు వేద్దామంటే, ఉబ్బిన దారం పలకను పైకి ఎత్తిపట్టి, దాని చుట్టూ తెల్లని ఖాళీ మిగులుస్తుంది. మిషనులో బట్టను లాగే పళ్ళు దించి, బట్టను ఫ్రేములో బిగించి, చేతితో జరుపుతూ కుడితే పది ప్రతులకూ గీత దాదాపు ఒకేలా వస్తుంది.

గీతల మాస్టారు:
‘దాదాపు’ అన్నారు కదా, నేను చెప్పినదీ అదే.

అచ్చుబల్ల:
మాస్టారూ, అంకెనే పట్టుకు వేలాడుతున్నారు. లక్నో చికన్‌ కుట్టుపనిలోనూ చెక్క అచ్చుతోనే నమూనా దించుతారు. అక్కడ కుట్టు పూర్తయ్యాక ఆ రంగును ఉతికేస్తారు కనుక దానిని ఎవరూ ప్రింటు అనరు. నా బురుజు ఉతికినా పోదు. కుట్టు దానికి తోడు మాత్రమే.

కుట్టుమిషను:
తోడు మాత్రమేనా? అసలు ఆ కుట్టు ఎవరు వేశారో మీరు ఇంతవరకు చెప్పనే లేదు.

అచ్చుబల్ల:
మా వీధిలో బ్లౌజులు కుట్టే ఆవిడ వేశారు, అడిగినంత కూలి ఇచ్చాను. చర్చ దాని గురించి కాదు.

కుట్టుమిషను:
నాకు మాత్రం దాని గురించే. ఒక చిత్రకారునికి నేను కూడా ముక్కకింత అని కుట్టి ఇచ్చాను. ఆయన ప్రదర్శనకు వెళ్ళి చూస్తే, చీటీపై బట్ట పేరు, ఇంకు రకం ఉన్నాయి కానీ నా పేరు లేదు. ప్రింట్ల విభాగమే కావాలని మీరు పట్టుబట్టడానికి కారణం నాకు తెలుసు. హస్తకళ అంటే కుట్టినదెవరని అడుగుతారు.

అచ్చుబల్ల:
ఇది అన్యాయమైన ఆరోపణ. జపాను చెక్క ప్రింట్లలో గీసేవారు, చెక్కేవారు, అచ్చు వేసేవారు వేరువేరు. అయినా లోకం బొమ్మ గీసిన హొకుసాయ్ పేరే చెబుతుంది.

గీతల మాస్టారు:
ఆ ప్రింట్లలో కొన్నిటిపై చెక్కినవారి ముద్ర కూడా ఉంటుంది. ఆ ఉదాహరణ మీకు కలిసిరాదు.

అచ్చుబల్ల:
సరే, ఆవిడ పేరు వేయడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ రేపు అమ్మిన డబ్బులో వాటా కూడా అంటే ఒప్పుకోను. చట్రం చేసిన వడ్రంగి కూలి తీసుకున్నాక వాటా అడుగుతాడా?

పొందూరు కోడలు:
మరి నేసినవారి పేరో?

కుట్టుమిషను:
వడ్రంగి మీ బొమ్మలో గీత గీయలేదండీ. ఏ నీడ దగ్గర గొలుసుకుట్టు ఆపాలో, ఎక్కడ కాడకుట్టు దట్టంగా వేయాలో మీరు గీసి ఇచ్చారా, లేక ఆవిడే చూసుకున్నారా? అది చెప్పండి, వాటా మాట తరువాత మాట్లాడదాం.

అచ్చుబల్ల:
బురుజు ఎడమవైపు నేనే గీసి ఇచ్చాను. మిగిలినది ఆవిడకే వదిలేశాను.