5వ అలెగ్జాండర్ పోప్ కాకపోతే 6వ అలెగ్జాండర్ ఎలా వచ్చాడు?
చర్చి చరిత్ర తెలిసినవాళ్లు కాస్త ఈ లెక్క తేల్చండి, ప్లీజ్. ఫ్లోరెన్స్ బాప్టిస్టరీలో (బాప్తిస్మాలిచ్చే మందిరం) బల్దస్సారె కోస్సా సమాధి ఫొటో చూశాను. పైన బంగారు పూత పూసిన కంచు విగ్రహం, ముఖం మనవైపు తిప్పి పడుకుని ఉంది. కింద లాటిన్‌లో ‘ఒకప్పటి పోప్ 23వ జాన్’ అని రాశారు. కోస్సా 1410లో పోప్‌గా ఎన్నికైతే, 1415లో కాన్‌స్టాన్స్‌లో జరిగిన చర్చి మహాసభ దింపేసింది. అప్పుడు ముగ్గురు పోప్‌లు, ఎవరికి వారే అసలు లెండి! 1958లో పోప్ అయిన రొంకాల్లి కూడా 23వ జాన్ అనే పేరే పెట్టుకున్నారు. అంటే కోస్సా లెక్కలో లేడనేగా? బానే ఉంది. మరి అతనికి ముందు పీసాలో ఎన్నికైన 5వ అలెగ్జాండర్‌నీ ఇప్పుడు లెక్కించరు కదా, 1492లో బోర్జా 6వ అలెగ్జాండర్ ఎలా అయ్యాడు? ఆ నంబర్ ఎందుకు దిద్దలేదు?