రోడ్డు మీద ఆపి ఫోన్ లాక్ తియ్యమంటే తియ్యాలా?

నరేశ్_ఉప్పల్:
మొన్న రాత్రి మా తమ్ముడు డెలివరీకి వెళ్తుంటే చెకింగ్‌లో ఆపారు. ఆర్సీ, లైసెన్సు చూపించాడు. ఆ తర్వాత ఫోన్ లాక్ తియ్యమన్నారు. వాట్సాప్‌ తెరిచి, పైన వెతికే చోట ‘గంజాయి’ అని కొట్టారు. ‘గంజాయి ముఠా పట్టివేత’ అని మా ఊరి గ్రూపులో ఎవరో పెట్టిన వార్త లింకు వచ్చింది. ఇది నీకెవరు పంపారు, ఎందుకు పంపారు అని పక్కకు నిలబెట్టేశారు. ఈలోగా ఆర్డర్ క్యాన్సిల్ అయింది. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో ఇలాగే ఫోన్లు చూస్తున్న వీడియోలు బయటికొచ్చి గొడవైంది కదా. అసలు ఇలా చూడొచ్చని చట్టంలో ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

రావు_కొండాపూర్:
తప్పు చెయ్యనివాడికి టెన్షన్ దేనికి? మెట్రోలో బ్యాగు చూపిస్తాం, మాల్‌లో డిక్కీ తెరుస్తాం. ఫోనూ అంతే.

శ్రావణి_అడ్వకేట్:
అంతే కాదు రావుగారూ. మాదకద్రవ్యాల చట్టం 43వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో సోదా చెయ్యాలన్నా, నేరం జరిగిందని నమ్మడానికి అధికారికి కారణం ఉండాలి. దారిన పోయే ప్రతివాడి మీదా ఆ కారణం ఉండదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. పాస్‌వర్డ్ ఇవ్వనంటే పోలీసులు కోర్టుకు వెళ్లి వారెంట్ తెచ్చుకోవాలని 2021లో వీరేంద్ర ఖన్నా కేసులో కర్ణాటక హైకోర్టు చెప్పింది. అది కూడా డ్రగ్స్ కేసే.

కిరణ్_కేపీహెచ్‌బీ:
మా ఆఫీసు కుర్రాళ్లకీ జరిగింది. అడక్కుండానే ఇచ్చేస్తున్నారు, భయం.

రావు_కొండాపూర్:
అడ్వకేట్ గారూ, అదే చట్టం 50వ సెక్షన్ చూడండి. ఒంటి మీద సోదా చేస్తే గెజిటెడ్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేట్ దగ్గరికో తీసుకెళ్లమని అడిగే హక్కుంది. చేతిలోని బ్యాగుకు ఆ రక్షణ లేదని 2005లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఫోన్ చేతిలోనే ఉంటుంది కదా. దీనికి జవాబు చెప్పండి.

శ్రావణి_అడ్వకేట్:
బ్యాగులో ఆ రోజు మోసుకెళ్లే సామాను ఉంటుంది. ఫోన్‌లో భార్యతో మాటలు, డాక్టర్ రిపోర్టు, బ్యాంకు ఖాతా, యూనియన్ గ్రూపు, ఎవరికి ఓటెయ్యాలో వాదించుకున్న ముచ్చట్లు అన్నీ ఉంటాయి. పైగా, సోదా అక్రమమైనా దొరికిన సాక్ష్యాన్ని పక్కన పెట్టక్కర్లేదని 1973లో పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుంది. అంటే ఒకసారి చేతికిచ్చాక, తర్వాత ఎంత వాదించినా చాలావరకు లాభం లేదు. అందుకే ఇచ్చేముందే ఆగాలి.

రావు_కొండాపూర్:
బ్యాగుకు లేని రక్షణ ఫోన్‌కు ఏ సెక్షన్‌లో ఉందో చెప్పండి. నంబరు చెప్పండి చాలు.

నరేశ్_ఉప్పల్:
సార్, మా వాడి దగ్గర బ్యాగు కూడా చూశారు. అందులో బిర్యానీ ఉంది. దాని గురించి మేమేమైనా అన్నామా?

రావు_కొండాపూర్:
మీకు ఒక ఆర్డర్ పోయింది. మా అక్క కొడుకు ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో గంజాయికి పడ్డాడు. చదువు పోయింది, డీఎడిక్షన్ సెంటర్‌కు రెండుసార్లు తిప్పాం, అక్క నగలన్నీ కరిగిపోయాయి. వాడి వాట్సాప్‌లోనే అంతా నడిచింది. ఒక్క పోలీసు ఒక్కసారి ఆ ఫోన్ చూసుంటే అక్కడితో ఆగేది. మీ పుట్టస్వామి వచ్చి వాణ్ణి బాగుచేస్తాడా?

పద్మజ_హనుమకొండ:
రావుగారూ, మీ బాధ అర్థమైంది. ఒక్కటే అడుగుతాను. ఆ అబ్బాయి కాలేజీకి దేనిమీద వెళ్లేవాడు?

రావు_కొండాపూర్:
కారు. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

పద్మజ_హనుమకొండ:
మీ కారు ఆపి ఫోన్ అడిగారా ఎప్పుడైనా?

రావు_కొండాపూర్:
లేదు. ఆపాల్సిన అవసరం వాళ్లకు కనిపించలేదు.

నరేశ్_ఉప్పల్:
అదీ సంగతి! మా తమ్ముడిని చూస్తే కనిపించిందన్నమాట. స్ప్లెండర్ బండి, అరిగిన చెప్పులు, బస్తీ అడ్రసు. మీ మేనల్లుడు వెళ్లే దారిలో ఈ చెకింగే లేదు సార్, ఉన్నా వాడి కారు అద్దం దించమనేవాళ్లు కాదు. మీ ఇంటి కష్టానికి మా ఇంటివాళ్లు ఫోన్లు తెరవాలా?

రావు_కొండాపూర్:
మాటలు జాగ్రత్త తమ్ముడూ. కులం, బస్తీ నేను అనలేదు. సరే, సూటిగా చెబుతున్నాను. సెక్షన్లు నాకు అక్కర్లేదు. కుర్రాళ్లకు పోలీసంటే భయం ఉండాలి. భయం లేకే మావాడు చెడిపోయాడు.

శ్రావణి_అడ్వకేట్:
ఇంతసేపూ బ్యాగు, సెక్షన్ నంబరు అన్నారు. అసలు మాట ఇప్పుడు వచ్చింది. ఆ భయమే నాకు అభ్యంతరం. 2021లో గొడవైనప్పుడు, ఎవరినీ బలవంతం చెయ్యట్లేదు, జనమే సహకరిస్తున్నారు అని పోలీసుల జవాబు. రాత్రిపూట లాఠీ పట్టుకున్న నలుగురి మధ్య నిలబడ్డవాడు ఫోన్ తీసిస్తే దాన్ని నేను సహకారం అనను. అదే ఏడాది లాక్‌డౌన్‌లో ఇక్కడే ఎస్.క్యూ. మసూద్ అనే కార్యకర్తను ఆపి, మాస్కు తీయించి ఫోటో తీశారు. ఆయన ముఖ గుర్తింపు టెక్నాలజీ మీద తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. అందరూ ఆయనలా కోర్టుకు పోలేరు, డెలివరీ కుర్రాడు అసలే పోలేడు.

రావు_కొండాపూర్:
అయితే గంజాయి అమ్మేవాణ్ణి ఎలా పట్టుకోవాలి?

శ్రావణి_అడ్వకేట్:
అమ్మేవాడి మీద సమాచారం రాతలో పెట్టి, వారెంటు తీసుకుని, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్ 105వ సెక్షన్ ప్రకారం సోదాను వీడియో తీసి. మీ అక్కగారి అబ్బాయికి సరుకు ఎవరమ్మారో పోలీసులకు చెప్పారా?

రావు_కొండాపూర్:
చెప్పాం. పేరు, హాస్టల్ పక్క షాపు, అన్నీ. ఎవరూ రాలేదు.

నరేశ్_ఉప్పల్:
పేరు చెప్పిన షాపుకు పోలేదు. పేరు తెలియని మా తమ్ముడి ఫోన్ చూశారు.
శ్రావణిగారూ, కంప్లయింట్ ఎలా రాయాలో మెసేజ్ చెయ్యండి, రేపే ఇస్తాం.